కుంగిపోయి కలుపు పట్టిన లాన్‌ను మళ్లీ మట్టానికి తేవడం: సమగ్ర మార్గదర్శి

ఇంటి ముందు లాన్ గుంటలు పడింది, వాన పడితే నీళ్లు నిలుస్తున్నాయి, వేసిన గడ్డి కంటే తుంగే ఎక్కువ కనబడుతోంది. రెండు ట్రాక్టర్ల ఎర్రమట్టి తోలించి పైన పరిచేస్తే చాలదా అని చాలామంది అడుగుతుంటారు. చాలదు. కొత్త మట్టి ఆరంగుళాల మందాన వేసినా తుంగ దాన్ని చీల్చుకుని వచ్చేస్తుంది. కుంగడానికి కారణమైన బొరియో, కుళ్లిన మొద్దో కింద అలాగే ఉంటే వచ్చే వర్షాకాలానికి కొత్త మట్టి కూడా దిగిపోతుంది.

కాబట్టి ఇక్కడ వరుస తప్పకూడదు: ముందు కారణం, తర్వాత కలుపు, ఆ తర్వాతే మట్టి, చివరికి గడ్డి. కింద ఇచ్చిన లెక్కలు ఆంధ్ర, తెలంగాణ జిల్లాల్లోని ఎర్ర, నల్ల నేలలకు సరిపోతాయి. ఉదాహరణకు 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉన్న లాన్‌ను తీసుకున్నాం.

1. ఎందుకు కుంగిందో తేల్చుకోండి

గుంట ఆకారాన్ని బట్టే సగం సంగతి తెలిసిపోతుంది.

- గోడ పొడవునా పట్టీలా దిగిందా? పునాది తవ్విన చోట మట్టిని దిమ్మిస కొట్టకుండా పూడ్చారు.
- సన్నగా, తిన్నని గీతలా ఉందా? కింద నీళ్ల పైపో, డ్రైనేజీ పైపో వేసిన కందకం ఉంది.
- గుండ్రంగా, మూకుడులా ఉందా? కింద చెట్టు మొద్దు కుళ్లుతోంది, లేదా ఇల్లు కట్టినప్పుడు ఇటుక ముక్కలు, సిమెంటు సంచులు, చెక్కలు పూడ్చిన గొయ్యి ఉంది.
- కాలు వేస్తే ఒక్కసారిగా దిగిందా? పందికొక్కు బొరియ.
- ఒక వైపంతా పలచబడి గడ్డి వేళ్లు బయటపడ్డాయా? చూరు నీళ్లు మట్టిని కోసుకుపోతున్నాయి.

12 ఎం.ఎం. ఇనుప సలాక తీసుకుని గుంటలో నాలుగైదు చోట్ల గుచ్చండి. అడుగు లోతు వరకూ ఒకేలా బిగువుగా దిగితే మట్టి మామూలుగా అణిగిందంతే. మధ్యలో ఒక్కసారిగా వదులైతే లోపల ఖాళీ ఉన్నట్టు. అక్కడ తవ్వి, కుళ్లిన చెక్క, చెత్త అంతా తీసేయాల్సిందే. పైన మట్టి వేసి దాన్ని మూసేయడం వృథా.

ఎండాకాలంలో కూడా గుంట తడిగా ఉంటే పైపు కారుతోందేమో చూడండి. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, మీటరు తిరుగుతోందా, సంపులో మట్టం తగ్గుతోందా అని రాత్రంతా గమనిస్తే తెలిసిపోతుంది.

సెప్టిక్ ట్యాంకు, సంపు, పాత బావి పక్కన నేల దిగిందంటే అది తోట పని కాదు. అక్కడ మనుషులు నడవకుండా ఆపి ముందు మేస్త్రిని పిలవండి.

నల్లరేగడిలో ఇంకో చిక్కు ఉంది. వేసవిలో నెర్రెలిచ్చి దిగుతుంది, వానలకు ఉబ్బుతుంది. ఏప్రిల్‌లో కొలిచి ఆ లోతంతా నింపితే ఆగస్టులో అక్కడ దిబ్బ లేస్తుంది. నల్లనేలలో కొలిచే ముందు రెండు మూడు రోజులు మెల్లగా తడిపి, నెర్రెలు మూసుకున్నాకే కొలవండి.

2. మీ లాన్‌కు ఏ పద్ధతి

లోతు, కలుపు రెండూ చూసి తేల్చుకోవాలి.

- అంగుళం లోపు గుంట, కలుపు తక్కువ: గడ్డి తీయనక్కర్లేదు. పై నుంచే పలచగా మట్టి వేస్తూ పోవచ్చు.
- 1 నుంచి 3 అంగుళాలు, గడ్డి బాగానే ఉంది: గడ్డిని పలకలుగా కోసి పక్కన పెట్టి, కింద మట్టి నింపి, మళ్లీ పరచాలి.
- 3 అంగుళాలు దాటింది, లేదా సగానికి పైగా కలుపే ఉంది: మొత్తం తీసేసి కొత్తగా వేయాలి.

తుంగ విషయంలో మినహాయింపు లేదు. చదరపు అడుగుకు నాలుగైదు తుంగ మొక్కలు కనబడితే, గుంట అంగుళమే అయినా మూడో పద్ధతే మంచిది. తుంగ ఉన్న పలకను కోసి తిరిగి పరిస్తే తుంగను నాటినట్టే.

3. ఏ నెలలో ఏ పని

- ఏప్రిల్, మే: కలుపు తీయడం, ఎండబెట్టడం, లోపలి గోతులు సరిచేయడం.
- మే చివర: మట్టి నింపడం.
- జూన్: మృగశిర కార్తె మొదలయ్యాక పడే తొలకరికి మట్టి అణగనివ్వడం, మొలిచిన కలుపును ఏరడం.
- జూన్ చివరి నుంచి ఆగస్టు మధ్య వరకు: గడ్డి వేయడం.

కోస్తాలో అక్టోబరు, నవంబరు తుపాన్ల ముందు కొత్త మట్టి వేయకండి. వేళ్లు పట్టని మట్టి ఒక్క వానకే కాలువల్లోకి పోతుంది. డిసెంబరు, జనవరిలో వేసిన గడ్డి బతుకుతుంది కానీ చలికి కదలదు. ఈలోపు కలుపు ముందుకు పోతుంది.

4. సామాను

- గడ్డపార, పార, బొరిగె, దంతె, తట్టలు
- దిమ్మిస, 80 నుంచి 100 కిలోల చేతి రోలరు (అద్దెకు దొరుకుతుంది)
- ట్యూబ్ లెవెల్ (నీళ్లు నింపి మట్టం చూసే పారదర్శక గొట్టం), నూలుతాడు, అడుగున్నర పొడవు కర్ర మేకులు
- 8 లేదా 10 అడుగుల అల్యూమినియం పట్టీ, మేస్త్రీలు ప్లాస్టరింగ్‌కు వాడేది
- అర అంగుళం కన్నుల జల్లెడ
- షవర్ తల ఉన్న నీళ్ల గొట్టం

5. కొలత: మట్టి తోలించే ముందే

ముందు పైకి ఎంత లేపవచ్చో చూసుకోండి. ఇక్కడ పొరపడితే ఇంటికే నష్టం. పూర్తయ్యాక లాన్ మట్టి ఇంటి పీఠం (ప్లింత్, అంటే గోడలు మొదలయ్యే అరుగు) పైఅంచు కన్నా కనీసం 6 అంగుళాలు కిందుండాలి. గోడకు ఆనించి అంతకంటే పైకి పోస్తే చెమ్మ గోడెక్కి, రెండేళ్లలో లోపలి రంగు పొక్కుతుంది. పక్కనున్న నడకదారి అంచుకన్నా మట్టి ముప్పావు అంగుళం కింద ఉంటే, గడ్డి పెరిగాక రెండూ సమానమవుతాయి.

వాలు ఇంటి నుంచి బయటికి ఉండాలి. ప్రతి 10 అడుగులకు ఒకటింబావు నుంచి రెండున్నర అంగుళాలు చాలు. పూర్తి సమతలం అందంగా అనిపిస్తుంది గానీ నీళ్లు నిలుస్తాయి.

కొలిచే తీరు:

1. ప్రతి 5 అడుగులకు ఒక మేకు దిగ్గొట్టండి. 30 × 20 లాన్‌కు 35 మేకులు పడతాయి.
2. ఇంటి గోడ మీద తుది మట్టానికి గీత పెట్టండి. ట్యూబ్ లెవెల్‌తో ఆ గీతను మేకుల మీదికి తెచ్చి, దూరాన్ని బట్టి వాలు తగ్గించుకుంటూ గుర్తు పెట్టండి. గొట్టంలో గాలిబుడగ ఉంటే కొలత తప్పుతుంది, కాబట్టి ముందు నీళ్లు పారించి బుడగలు పోగొట్టండి.
3. ప్రతి మేకు దగ్గర గుర్తు నుంచి ఇప్పటి నేల వరకు ఎన్ని అంగుళాలో రాసుకోండి. దిబ్బగా ఉన్నచోట మైనస్ వేయండి.
4. అన్నీ కలిపి మేకుల సంఖ్యతో భాగిస్తే సగటు లోతు వస్తుంది.

సగటు 3 అంగుళాలు, అంటే పావు అడుగు వచ్చిందనుకుందాం. 600 చదరపు అడుగులు × 0.25 = 150 ఘనపుటడుగులు. వదులు మట్టి అణిగేదానికి 20 నుంచి 25 శాతం కలపాలి, అంటే 180 నుంచి 190 ఘనపుటడుగులు. 100 చదరపు అడుగులకు అంగుళం మందం కావాలంటే సుమారు 8.3 ఘనపుటడుగులు అని గుర్తుంచుకుంటే ఏ లాన్‌కైనా లెక్క వేసుకోవచ్చు.

ట్రాక్టరు అంటే వంద ఘనపుటడుగులు అని చెబుతారు. నమ్మి ఊరుకోకుండా ట్రక్కు పొడవు, వెడల్పు, మట్టి ఎత్తు అడుగుల్లో కొలిచి గుణించండి. అంచుల వరకు లేని లోడు 80 కూడా ఉండకపోవచ్చు.

వాల్వు గుంతలు, మీటరు పెట్టె, డ్రైనేజీ చాంబర్ల మూతలు కొత్త మట్టం కిందికి పోతాయేమో చూసుకోండి. పోతే మట్టి రాకముందే ఇటుక వరుస కట్టించి పైకి తెండి. తర్వాత లాన్ తవ్వి వెతుక్కోవడం ఎవరికీ ఇష్టముండదు.

చెట్లుంటే మొదలు చుట్టూ మట్టి పోయకండి. వేళ్లున్న మేర రెండంగుళాలు దాటితే వేళ్లకు గాలి ఆడదు. చెట్టు వెంటనే చావదు, ఒకటి రెండేళ్లలో కొసల నుంచి ఎండుతూ వస్తుంది. అక్కడ గుంటను అలాగే వదిలి చుట్టూ రాళ్ల అంచు కట్టడం మేలు.

6. కలుపు: అసలు పని ఇక్కడే

లాన్‌లో కనిపించే కలుపును రెండు గుంపులుగా చూడండి. గడ్డిచామంతి, పులిచింత, రెడ్డివారి నానుబాలు, నేల ఉసిరి, గలిజేరు, అత్తిపత్తి వంటి వెడల్పాకు మొక్కలు పెద్ద సమస్య కాదు. నేల తడిపి బొరిగెతో వేరుతో సహా తీస్తే పోతాయి. మళ్లీ వచ్చేవి విత్తనం నుంచే వస్తాయి. తుంగ, గరిక అలా కాదు.

6.1. తుంగను గుర్తుపట్టండి

కాడ తుంచి వేళ్ల మధ్య తిప్పండి. మూడు అంచులు తగిలితే తుంగ. ఆకులు నున్నగా మెరుస్తూ, మిగతా గడ్డికంటే వేగంగా పెరిగి, కోసిన రెండు మూడు రోజులకే తల పైకి ఎత్తుతాయి. కింద గోధుమరంగు గడ్డలు సన్నని తీగతో గొలుసులా ఉంటాయి. ఎక్కువ గడ్డలు పై 6 అంగుళాల్లో ఉంటాయి, కొన్ని అడుగు లోతుకూ పోతాయి.

పైమొక్కను పీకితే గొలుసు తెగుతుంది. అప్పటిదాకా నిద్రలో ఉన్న పక్క గడ్డలు మొలవడం మొదలుపెడతాయి. పీకేకొద్దీ పెరుగుతోందని జనం అనేది ఇందుకే. రోటవేటరు తిప్పితే ఇంకా నష్టం: ఒక మూల ఉన్న తుంగ లాన్ అంతటా చేరుతుంది.

6.2. తవ్వి జల్లెడ పట్టడం

200 చదరపు అడుగుల లోపు అయితే ఇదే నమ్మకమైన దారి. 10 నుంచి 12 అంగుళాల లోతు తవ్వి, మట్టి పొడిగా ఉన్నప్పుడు అర అంగుళం జల్లెడలో వేయండి. గడ్డలు, తీగలు పైన మిగులుతాయి. జల్లెడ దాటిన చిన్న గడ్డలు తర్వాత మొలుస్తాయి, వాటిని 6.3లో పట్టుకోవచ్చు.

ఏరిన గడ్డల్ని కంపోస్టు గుంతలో వేయకండి. మే ఎండలో డాబా మీద పలచగా రెండు వారాలు ఆరబెడితే ఎండి చస్తాయి. గోడ పక్కన కుప్ప పోస్తే అక్కడే మొలుస్తాయి.

6.3. మొలిపించి తీయడం

పెద్ద లాన్‌కు ఇది సరిపోతుంది. ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి.

1. పాత గడ్డి చెక్కేసి నేల మెత్తగా తడపండి.
2. తుంగ మొలిచి నాలుగైదు ఆకులు వచ్చేదాకా ఆగండి. అప్పటికి గడ్డలో దాచుకున్న ఆహారం చాలావరకు ఆకుకు ఖర్చయి ఉంటుంది, కొత్త గడ్డలు ఇంకా కట్టవు.
3. బొరిగెను పక్కన లోతుగా దింపి, గడ్డతో సహా లేపండి.
4. రెండు వారాలకోసారి ఇదే మళ్లీ చేయండి. మొలకలు చదరపు గజానికి ఒకటీ అరా మాత్రమే వచ్చేదాకా మట్టి వేయవద్దు.

ఆలస్యం చేసి పూత వచ్చాక తీస్తే అప్పటికే కింద కొత్త గొలుసు తయారై ఉంటుంది. ఆ విడత శ్రమ దండగే.

6.4. ప్లాస్టిక్ పరిచి ఎండబెట్టడం

ఏప్రిల్, మే నెలల్లో నేల బాగా తడిపి, 25 నుంచి 50 మైక్రాన్ల పారదర్శక పాలిథిన్ షీటు పరిచి, అంచులు మట్టితో మూసి 4 నుంచి 6 వారాలు ఉంచండి. నల్ల షీటు కంటే పారదర్శక షీటు కింద నేల ఎక్కువ వేడెక్కుతుంది. పైనున్న కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి. లోతున్న తుంగ గడ్డలు మాత్రం చావవు. దీన్ని 6.3కు తోడుగానే వాడండి, బదులుగా కాదు.

6.5. మందు కొట్టాలనుకుంటే

గ్లైఫోసేట్ అనే కలుపు మందును ఎవరికి వారు కొట్టుకోవడానికి లేదు. 2022లో కేంద్ర ప్రభుత్వం దాని వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేసింది.

తుంగ మీద ప్రత్యేకంగా పనిచేసే మందు హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75 శాతం గుళికల పొడి. మన దగ్గర చెరకు, మొక్కజొన్న పొలాల్లో తుంగకు ఎకరానికి 36 గ్రాములు వాడతారు. ఆ లెక్కన 1,000 చదరపు అడుగులకు గ్రాముకూ తక్కువే, అటూ ఇటుగా 0.8 గ్రాము, 4 నుంచి 5 లీటర్ల నీళ్లలో. కంటి అంచనాతో చెంచాడు వేస్తే ఎన్నో రెట్లు పడుతుంది. గ్రాములో పదో వంతు చూపే త్రాసు లేకపోతే ఈ మందు జోలికి పోకండి. కొట్టే ముందు మీ మండల వ్యవసాయ అధికారిని అడిగి, ప్యాకెట్ మీద రాసింది చదవండి.

- తుంగకు 3, 4 ఆకులున్నప్పుడు కొట్టాలి.
- కొట్టే ముందు రెండు రోజులు, కొట్టాక వారం పాటు గడ్డి కోయకూడదు.
- పసుపు రంగుకు తిరగడానికే రెండు వారాలు పడుతుంది. పనిచేయలేదని తొందరపడి రెండోసారి కొట్టకండి.
- గాలి వీస్తున్నప్పుడు, పక్కన కూరగాయ మడులున్నప్పుడు వద్దు. గ్లౌజులు, మాస్కు, పూర్తి చేతుల చొక్కా తప్పనిసరి. పిల్లల్ని, పెంపుడు జంతువుల్ని దూరంగా ఉంచండి.

గరిక పైతీగలూ లోతీగలూ రెండూ వేస్తుంది. దాన్ని కూడా 6.2 పద్ధతిలో తీగలతో సహా ఏరాలి. సెలక్షన్ వన్ రకం గడ్డి వేయబోతుంటే, అది గరిక జాతే కాబట్టి ఒకదాన్ని ఉంచి రెండోదాన్ని చంపే మందు ఆశించకండి. నాటు గరికను చేత్తోనే ఏరుకోవాలి.

7. మట్టి ఎంపిక

రెండు రకాల మట్టి కావాలి. చాలామంది ఒకటే తోలించి దెబ్బతింటారు.

అడుగు నింపుడుకు: ఎరువు కలపని ఎర్రమట్టి లేదా మొరంతో కలిసిన ఎర్రమట్టి. పశువుల ఎరువు, ఊక, కొబ్బరి పొట్టు కలిపిన మట్టిని లోతుగా నింపితే అవి కుళ్లి తరిగిపోతాయి, లాన్ మళ్లీ దిగుతుంది.

పై 4 అంగుళాలకు: 3 పాళ్లు ఎర్రమట్టి, 1 పాలు ఇసుక, 1 పాలు బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు. మీ గుంట మొత్తం 4 అంగుళాల లోపే అయితే ఈ ఒక్క మిశ్రమం చాలు. మన ఉదాహరణకు సుమారు 110 ఘనపుటడుగుల ఎర్రమట్టి, చెరి 37 చొప్పున ఇసుక, ఎరువు అవుతాయి.

చెరువు పూడిక మట్టి పొలానికి బలం, లాన్‌కు బెడద: తుంగ గడ్డలు, కలుపు విత్తనాలు వెంట వస్తాయి. ఎర్రమట్టి అయినా పైపొర గీకి తెచ్చింది వద్దు, గుట్ట లోపలి నుంచి, మూడడుగుల కింద తవ్వింది అడగండి. సముద్రపు ఇసుక ఉప్పుది, వాడకూడదు.

కొనేముందు పరీక్షలు:

- ఒక బేసినులో 2 కిలోల మట్టి పోసి, రోజూ తడిపి 15 నుంచి 20 రోజులు చూడండి. మొలిచేది మీ లాన్‌లోనూ మొలుస్తుంది. మట్టికి తొందరేం లేదు, కలుపు తీసే నెలలోనే ఈ పరీక్ష అయిపోతుంది.
- తడి మట్టిని పిడికిట్లో నొక్కి వదలండి. ముద్దగా నిలిచి, వేలితో పొడిస్తే విడిపోతే మంచిది. సబ్బులా జారితే బంక ఎక్కువ.
- ఎరువును వాసన చూడండి. పేడ కంపు కొడితే మాగలేదు. మాగని ఎరువుతో చెదలు, వేరుపురుగు, కలుపు విత్తనాలు మూడూ వస్తాయి.

నల్లరేగడి మీద ఇసుక ఒక్కటే పోసి కలపకండి. బంకమట్టిలో కొద్దిపాటి ఇసుక కలిస్తే గుల్లబారదు, ఎండాక ఇటుకలా గట్టిపడుతుంది.

8. పాత నేలను సిద్ధం చేయడం

గట్టిగా ఉన్న పాత నేల మీద కొత్త మట్టి నేరుగా పోస్తే రెండు పొరల మధ్య నీళ్లు ఆగుతాయి. వేళ్లు కూడా అక్కడే ఆగి అడ్డంగా తిరుగుతాయి. కాబట్టి కలుపు పోయిన పాత నేలను గడ్డపారతో 2, 3 అంగుళాలు గుల్ల చేసి, మొదటి తట్టల కొత్త మట్టిని దానితో కలిపేయండి.

నీరు ఇంకుతోందో లేదో ఇప్పుడే చూడండి. అడుగు లోతు, అడుగు వెడల్పు గొయ్యి తీసి నీళ్లు నింపి ఇంకనివ్వండి. రెండోసారి నింపి గడియారం చూడండి. గంటకు అంగుళం దిగితే ఫర్వాలేదు. నాలుగు గంటలకు కూడా అంగుళం దిగకపోతే మట్టి ఎంత లేపినా ఆ లాన్ బురదే. పల్లంవైపు అడుగు వెడల్పు, అడుగున్నర లోతు కందకం తీసి, చిల్లులున్న 4 అంగుళాల పైపుకు జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లను వదిలి మట్టిని ఆపేది) చుట్టి, చుట్టూ 20 ఎం.ఎం. కంకర పోసి, నీటిని బయటి కాలువకో ఇంకుడు గుంతకో కలపండి. పైపుకు ప్రతి 10 అడుగులకు అంగుళంపైన వాలు ఉండాలి.

డాబా మీది నీళ్ల పైపు లాన్‌లోకి దూకుతుంటే దాన్ని ముందే మళ్లించండి.

9. మట్టి నింపడం

1. ఎక్కువ లోతున్న చోట మొదలుపెట్టండి. ఒక్కో పొర 4 అంగుళాలకు మించకూడదు.
2. ప్రతి పొరను షవర్‌తో చల్లగా తడపండి. పిడికిట్లో ముద్ద కట్టే తేమ చాలు. చేతికి బురద అంటితే ఒక రోజు ఆగండి. బురదను దిమ్మిస కొడితే గాలి పోయి రాయిలా బిగుస్తుంది.
3. అడుగు పొరలు దిమ్మిసతో కొట్టండి. పై 4 అంగుళాలకు దిమ్మిస వద్దు, రోలరు రెండుసార్లు అటూ ఇటూ తిప్పితే చాలు.
4. మడమతో గట్టిగా నొక్కి చూడండి. అర అంగుళం మించి దిగితే ఇంకోసారి రోలరు. అసలు గుర్తే పడకపోతే మరీ బిగిసింది, దంతెతో పైపైన గీకండి.
5. అల్యూమినియం పట్టీని మేకు గుర్తుల మీదుగా లాగుతూ ఎత్తుపల్లాలు తీయండి. పట్టీ కింద వెలుతురు కనబడిన చోట మట్టి వేయండి.
6. ఇప్పుడు ఆగండి. నీళ్లు పారించో, రెండు మూడు వానలు పడనిచ్చో రెండు వారాలు అణగనివ్వాలి.

ఆరో మెట్టును వదిలేసేవాళ్లే ఎక్కువ, మళ్లీ గుంటలు పడేదీ వాళ్ల లాన్‌లోనే. ఈ రెండు వారాల్లో మట్టి దిగిన చోట్లు బయటపడతాయి, మిగిలిన తుంగ కూడా మొలిచి దొరికిపోతుంది. దాన్ని తీసి, దిగిన చోట నింపి, పట్టీ ఇంకోసారి లాగండి.

చివరి లాగుడుకు ముందు 1,000 చదరపు అడుగులకు 3 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేటు, 10 కిలోల వేపపిండి చల్లి పై 2 అంగుళాల్లో కలపండి.

10. గడ్డి వేయడం

రోజుకు ఐదారు గంటల ఎండ తగిలే చోట మెక్సికన్ గడ్డి, పిల్లలు ఆడే చోట తొక్కుడుకు తట్టుకునే సెలక్షన్ వన్, చెట్టు నీడ పడేచోట వెడల్పాకు బఫెలో గడ్డి. నిండు నీడలో ఏ గడ్డీ నిలవదు, అక్కడ రాళ్లు పరచడమే నయం.

పలకలు కడియం నర్సరీల నుంచి వచ్చినా, పక్క వీధి నర్సరీ నుంచి వచ్చినా, దించుకునే ముందు నాలుగైదింటిని తిరగేసి అడుగు చూడండి. ఒక్క తుంగ గడ్డ కనిపించినా లోడు వెనక్కి పంపండి. ఇన్ని వారాల పని ఆ ఒక్క లోడుతో పోతుంది.

పలకలు పరచడం: ఇటుకల వరుసలా అతుకులు తప్పించి, అంచులు ఆనేలా పరచండి. సందుల్లో జల్లించిన మట్టి నింపి, తడిపి, రోలరు తిప్పండి. తెచ్చిన రోజే పరచాలి. మర్నాటికి మిగిలితే విప్పి నీడలో తడి గోనెసంచి కప్పండి.

పిలకలు నాటడం: ఖర్చు తక్కువ. 3, 4 అంగుళాల దూరంలో, రెండు కణుపులు మట్టిలోకి పోయేలా నాటండి. వానాకాలంలో కమ్ముకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఈలోపు కలుపు ఏరుతూనే ఉండాలి.

పాత గడ్డిని లేపి పరిచేవారికి: పారతో అడుగు చదరం, 2 అంగుళాల మందం పలకలు కోయండి. మట్టి నింపి కొట్టాక, పలకను చుట్టుపక్కల కన్నా అర అంగుళం ఎత్తుగా పెట్టండి, అది అణిగి సరిపోతుంది.

పై నుంచి మట్టి వేసేవారికి: గడ్డి పొట్టిగా కోసి, జల్లించిన మిశ్రమం ఒక్కో విడతకు పావు నుంచి అర అంగుళం. గడ్డి కొసలు పైకి కనబడుతూ ఉండాలి. చీపురుతో లోపలికి ఊడ్చి తడపండి. మూడు నాలుగు వారాల తర్వాతే ఇంకో విడత. అంగుళం ఒకేసారి పోస్తే కింద గడ్డి ఊపిరాడక కుళ్లి పసుపు మచ్చలు పడతాయి.

11. మొదటి రెండు నెలలు

- 1 నుంచి 10 రోజులు: వాన లేకపోతే పొద్దున, సాయంత్రం కొద్దిగా నీళ్లు. ఎవరూ తొక్కకూడదు.
- 10వ రోజు: ఒక మూల పలక పట్టుకుని మెల్లగా లాగండి. లేవకపోతే వేళ్లు దిగాయి. ఇక రోజుకోసారి చాలు.
- మూడో వారం నుంచి: రోజు విడిచి రోజు, ఆ తర్వాత వారానికి రెండుసార్లు, నాలుగు అంగుళాల లోతు తడిసేలా.
- గడ్డి రెండున్నర అంగుళాలు దాటాక మొదటి కోత. ఎత్తులో మూడో వంతు మించి తీయవద్దు, బ్లేడు పదునుగా ఉండాలి.
- నెల రోజులకు: 1,000 చదరపు అడుగులకు అర కిలో యూరియా, గడ్డి పొడిగా ఉన్నప్పుడు చల్లి వెంటనే నీళ్లు పెట్టండి. తడి ఆకు మీద పడితే మాడుతుంది.
- వారానికోసారి తుంగ కోసం లాన్ అంతా నడవండి. ఇప్పుడు దొరికే పది మొక్కల్ని వదిలేస్తే దసరాకు వందలవుతాయి.

12. ఏదైనా తేడా వస్తే

పలకల అంచులు ఎండి ముడుచుకుంటున్నాయి: సందుల్లో మట్టి నింపలేదు, గాలి దూరుతోంది. మట్టి పోసి తడిపి నొక్కండి.

నాలుగు వారాలకు మధ్యలో గుంట: కింద పొర దిమ్మిస తక్కువైంది. అంగుళం లోపైతే పై నుంచి అర అంగుళం చొప్పున నింపండి. ఎక్కువైతే ఆ పలకలు లేపి కింద నింపండి.

నీళ్లు పైనే నిలిచి నాచు పడుతోంది: పైపొర బిగిసింది. ముళ్ల ఫోర్కుతో 4 అంగుళాల లోతున, 4 అంగుళాలకో రంధ్రం గుచ్చి, జల్లించిన ఇసుక రంధ్రాల్లోకి ఊడ్చండి.

గడ్డి చాపలా లేచి వస్తోంది: వేళ్లను వేరుపురుగు కొరికింది. మట్టిలో ఇంగ్లిష్ సీ అక్షరంలా చుట్టుకున్న తెల్ల పురుగు ఉంటుంది. మాగని ఎరువుతో ఇది తరచూ వస్తుంది. ఏరి, వేపపిండి చల్లి, నీరు తగ్గించండి. చదరపు అడుగుకు ఐదారు మించి ఉంటే మందు విషయం వ్యవసాయ అధికారిని అడగండి.

అంతా పసుపుగా ఉంది, వేళ్లు మాత్రం బాగున్నాయి: నీరు ఎక్కువ, లేదా నత్రజని తక్కువ. ముందు నాలుగు రోజులు నీళ్లు తగ్గించి చూడండి. వెంటనే యూరియా వద్దు.

గోడ పక్కన లోపల చెమ్మ: మట్టి పీఠాన్ని మింగేసింది. గోడ వెంట అడుగు వెడల్పు గడ్డి, మట్టి తీసి కంకర పరచండి.

వానాకాలం దాటాక, నవంబరు మొదట్లో అదే అల్యూమినియం పట్టీని లాన్ మీద నాలుగు దిక్కులా పెట్టి చూడండి. పావు అంగుళం మించి వెలుతురు కనబడిన చోట్ల పలచగా మట్టి వేయండి. అందుకోసం మొదటే ఐదారు తట్టల పైమట్టి మిశ్రమం జల్లించి, సంచుల్లో నీడన దాచుకుంటే అప్పుడు మళ్లీ ట్రాక్టరు పిలవక్కర్లేదు.